ఆముక్తమాల్యదలో దుర్గాధిపత్యము

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు జేసిన రాజనీత్యుపదేశములో, దుర్గములను ఆప్తులగు బ్రాహ్మణుల కప్పగింపవలయునను మాట కలదు. దీనిని వర్ణాభిమానముగా మాత్రమే గ్రహించినచో చాలదు. కవియైన రాజు అనుభవము దీనికి వెనుక నున్నది.

1485లో చంద్రగిరి పాలకుడగు సాళువ నరసింహుడు సంగమవంశమును తొలగించి విజయనగర సింహాసనము నెక్కెను. 1491లో ఆయన మరణింపగా, సేనాని తుళువ నరసనాయకుడు రాజకుమారులకు సంరక్షకుడై, పిదప ఇమ్మడి నరసింహుని పెనుగొండలో నిర్బంధించి తానే రాజ్యమేలెను. 1505లో ఇమ్మడి నరసింహుడు హతుడయ్యెను; నరసనాయకుని కుమారుడు వీరనరసింహుడు పట్టము గట్టుకొనెను. 1509లో రాజ్యమునకు వచ్చిన కృష్ణరాయలును నరసనాయకుని కొడుకే. సేనాని రాజగు విధమును ఆయన తన యింటనే యెరుగును.

ఈ భయమునకు మూలము నాయంకర పద్ధతిలోనే కలదు. రాజ్యము రెండువందలకు పైబడిన నాయకుల నడుమ పంచబడియున్నదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 1535 ప్రాంతమున వ్రాసెను. భూమియు, పన్నును, సైన్యమును ఒక్కని చేతనే యుండగా, కోటయు నతనిదే యైనచో రాజాజ్ఞకు మిగులు బలమెంత?

నాయకుల చేతిలో ప్రజల స్థితియు రాయల దృష్టిలో లేకపోలేదు. ఊరు విడిచిన రైతులను మరల పిలువక, వారి పశువులను, ధాన్యమును అమ్ముకొనజూచు అధికారిని ఆయన రణభూమిలోని నక్కతో పోల్చినాడు. ఇచట అధికారియను మాట నాయకునకును వర్తించునని నా యభిప్రాయము.

1515లో కొండవీడు వశమైన పిమ్మట ఆ దుర్గము తిమ్మరుసు మేనల్లుడగు నాదెండ్ల గోపమంత్రి పాలనమునకు వచ్చుట ఈ నీతికి తగిన నిదర్శనము. అయితే ఇతనిని నేటి యర్థమున పౌరాధికారి యనరాదు. ఆనాటి మంత్రులు సేనలను నడపినవారే. సింహాసనమును కోరదగిన వంశబలము వారికి లేకుండుటయే రాజునకు ధీమా. ఆ నమ్మకమునకును హద్దు కలదు: యువరాజునకు విషప్రయోగము జరిగెనను ననుమానమున రాయలు తిమ్మరుసును చెరబెట్టి, తరువాత కన్నులు తీయించెనని నూనిజ్ చెప్పుచున్నాడు.

రాయల యల్లుడగు రామరాయలు, అచ్యుతరాయలు 1542లో గతించిన పిదప సదాశివరాయలను పేరునకు రాజును జేసి, సోదరుల తోడ్పాటుతో 1565 వరకు సర్వాధికారము నెరపెను. శాసనములు మాత్రము సదాశివుని పేరనే వెలువడుచుండెను.