నత్రజని లెక్కకు అందని మేలు

కూరగాయల సాగులో బాక్టీరియాను వాడాలన్న ఆలోచన పప్పుజాతి పైర్ల నుంచి పుట్టింది. బఠాణీ వంటి మొక్కలు వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని అందుకుంటాయని 1886లో జర్మనీలో శాస్త్రవేత్తలు హెల్రీగెల్, విల్‌ఫార్త్ ప్రకటించారు. పదేళ్లు గడిచేసరికి నోబ్బె, హిల్ట్‌నర్ ఆ బాక్టీరియాను ‘నిట్రాజిన్’ పేరుతో రైతులకు అందించారు. క్యాబేజీకి, టమాటాకు అలాంటి బుడిపెలు ఉండవు. కానీ 1901లో నెదర్లాండ్స్‌లో బైయరింక్ అజటోబాక్టర్‌ను వెలుగులోకి తెచ్చాడు. వేరులో కాపురం పెట్టకుండా మట్టిలోనే ఉంటూ నత్రజనిని పట్టగల జీవి అది. పప్పుధాన్యాలకు దక్కిన వరం ఇక అన్ని పంటలకూ దక్కుతుందన్న ఆశ అక్కడే మొదలైంది. ఆ తర్వాతి చరిత్ర చూస్తే, ఈ బాక్టీరియా చేసిన మేలు నిజమే గాని దానికి చెప్పిన కారణం సరైనది కాదని తేలుతుంది. ఆ తప్పుడు కారణం వల్లే దానికి దక్కాల్సిన విలువ చాలాకాలం దక్కలేదు.

ఈ ఆశను అన్ని దేశాలకన్నా పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టింది సోవియట్ యూనియన్. అజటోబాక్టర్‌తో చేసిన అజటోబాక్టరిన్, భాస్వరాన్ని కరిగిస్తుందనుకున్న ఫాస్ఫోబాక్టరిన్ అనే బాక్టీరియా ఎరువులు 1950లలో విస్తారమైన పొలాలకు చేరాయి. 1962లో సోవియట్ శాస్త్రవేత్తలు మిషుస్తిన్, నౌమోవా ఆ అనుభవాన్నంతా సమీక్షించారు. దిగుబడి పెరిగిన చోట కూడా ఆ పెరుగుదల సాధారణంగా 10 శాతం దాటలేదు. ఎరువు బాగా వేసిన సారవంతమైన నేలల్లో, అందులోనూ కూరగాయల మీద, ఫలితం మెరుగ్గా కనిపించింది. బాక్టీరియా అసలు పని నత్రజనిని అందించడమే అయితే, దాని మేలు నత్రజని కొరవడిన నేలలో ఎక్కువ కనిపించాలి కదా. మేలుకు కారణం నత్రజని కాదనే ప్రయోగశాల లెక్క కూడా చెబుతుంది. ఒక గ్రాము చక్కెరను వాడుకుని అజటోబాక్టర్ స్థిరీకరించేది 10 నుంచి 20 మిల్లీగ్రాముల నత్రజని మాత్రమే. అంటే కిలో నత్రజనికి 50 నుంచి 100 కిలోల చక్కెర కావాలి. మామూలు పొలంలో దానికి అంత ఆహారం దొరకదు.

మరి మొక్క ఎందుకు ఏపుగా పెరిగింది? ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధకులు 1964లో దీనికి ఒక జవాబు చూపారు. అజటోబాక్టర్ పట్టించిన టమాటా మొక్కల్లో వచ్చిన మార్పులు, జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ ఇచ్చిన మొక్కల్లో వచ్చిన మార్పులను పోలి ఉన్నాయి. బాక్టీరియా అందించినది పోషకం కాదు, పెరుగుదలను నడిపే పదార్థం. 1978లో అమెరికా శాస్త్రవేత్తలు క్లోపర్, ష్రాత్ ముల్లంగి వేళ్లను ఆశ్రయించి పెరుగుదలకు తోడ్పడే బాక్టీరియా గురించి నివేదించారు. చుట్టూ ఉన్న ఇనుమును ఒడిసిపట్టి, హానిచేసే సూక్ష్మజీవులకు దాన్ని అందకుండా చేయడం వాటి పనితీరులో ఒకటని 1980లో వెల్లడైంది. వేరు చుట్టూ ఉండే మట్టిని ప్రత్యేకమైన జీవలోకంగా చూడాలని హిల్ట్‌నర్ 1904లోనే చెప్పాడు. నత్రజని మీదే చూపు నిలిపినవారికి ఆ మాట ప్రాధాన్యం ఆలస్యంగా తెలిసింది.

ఫలితం ఒక పొలంలో కనిపించి మరో పొలంలో కనిపించకపోతే రైతు ఎలా నమ్మాలన్న అభ్యంతరం న్యాయమైనదే. బయటినుంచి తెచ్చిన బాక్టీరియా, ఆ నేలలో పాతుకుపోయిన సూక్ష్మజీవులతో పోటీపడి నిలవాలి. తేమ, వేడిమి, సేంద్రియ పదార్థం అనుకూలించకపోతే అది నిలవదు. పొట్లంలో చచ్చిన కణాలే ఉంటే అసలు ప్రశ్నే లేదు. భారత ప్రభుత్వం 2006లో జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చి, పొడి రూపంలోని అజటోబాక్టర్‌కు గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలని నిర్దేశించింది అందుకే. కానీ ఈ అభ్యంతరం వాడకం తీరును సరిదిద్దమంటుందే తప్ప వాడకాన్ని మానమనదు. చివికిన పశువుల ఎరువులో కలిపి నారుమడికి వేసినా, నారు వేళ్లను బాక్టీరియా కలిపిన నీటిలో ముంచి నాటినా, లేతవేరు దగ్గరికే బాక్టీరియా చేరుతుంది. చిన్న మడిలో తేమను, ఎరువును కాపాడుకోవడం రైతు చేతిలో పని. యూరియా బస్తాకు బదులుగా అమ్మితే ఈ బాక్టీరియా రైతును నిరాశపరుస్తుంది. వేరుకు తోడుగా ఇస్తే, శతాబ్దపు ప్రయోగాల్లో నిలిచిన మేలు మన కూరగాయల రైతుకూ దక్కుతుంది.