కారకోరం దాటిన తరువాత

మధ్య ఆసియా వర్తకమార్గాలను గురించి వ్రాసేవారు బిడారు బయలుదేరిన ఆర్భాటాన్నీ, ఎత్తైన కనుమ నెక్కిన సాహసాన్నీ విపులంగా వర్ణించి, తిరుగుదారిలోని చివరి మజిలీలను రెండు వాక్యాలలో ముగిస్తారు. యార్కందు నుండి లేహ్‌కు వచ్చే దారి విషయంలో ఈ పద్ధతి బొత్తిగా పొసగదు. నలోపాఖ్యానంలో దమయంతి చేరిన వర్తకుల బిడారు ఏనుగుల పాలైనది నడకలో కాదు, విశ్రమించిన వేళ. అపాయం గడచినదనుకొన్న చోటనే అపాయం పొంచియుండడం బిడారుల చరిత్రలో క్రొత్త కాదు.

18,000 అడుగులకు పైబడిన కారకోరం కనుమ దాటి దక్షిణానికి వస్తే దౌలత్ బేగ్ ఓల్డీ అనే మజిలీ తగులుతుంది. ‘దౌలత్ బేగ్ చనిపోయిన చోటు’ అని తుర్కీ భాషలో దాని అర్థం. ఆవల దెప్సాంగ్ మైదానం. పేరుకు మైదానమే గాని, అది సుమారు 17,000 అడుగుల ఎత్తున, గాలికి అడ్డులేక పరచుకొన్న కంకరనేల. అక్కడ మేత దొరకదు. గుర్రం తన దాణాను తానే మోసుకొని రావలె. బాటసారికి దారి చూపేవి ఇరుప్రక్కల పడియున్న పశువుల ఎముకలు. తరువాత బుర్త్సా, ముర్గో మజిలీలు వస్తాయి. ముర్గో దెప్సాంగ్ కంటె దిగువనే ఉన్నది. కాని అక్కడితో దిగుడు ముగిసిందనుకొంటే పొరపాటు. బిడారులు నడిచే దారి మళ్లీ 17,000 అడుగులు మించిన సాసేర్ మంచుకనుమ మీదికి ఎక్కుతుంది. అది దాటితేగాని నుబ్రా లోయలో పచ్చిక కంటబడదు. ఆ పైన ఖార్దుంగ్ కనుమ. అది కూడ దాటిన తరువాతనే లేహ్ బజారు.

1874 జూన్ మాసంలో ఈ దారినే ఫెర్డినాండ్ స్టొలిచ్కా తిరిగి వస్తున్నాడు. మొరేవియాలో పుట్టి, 1862లో భారత భూగర్భ పరిశోధనశాఖలో చేరిన ఈ పండితుడు తిరుచిరాపల్లి ప్రాంతపు శిలాజాలను గురించి బృహద్గ్రంథాలు వ్రాసినవాడు. స్పితి కొండలలో తిరిగినవాడు. 1873లో ఫోర్సైత్ నాయకత్వాన కాష్గర్ పాలకుడు యాకూబ్ బేగ్ వద్దకు వెళ్లిన రాయబార బృందంలో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా చేరినాడు. వెళ్లేటప్పుడే ఆ ఎత్తులలో తీవ్రంగా జబ్బుపడి కోలుకొన్నాడు. వసంతకాలంలో గోర్డన్, బిడ్డల్ఫ్, ట్రాటర్లతో పామీరు దాటి వఖాన్ దాకా పోయి వచ్చినాడు. అంత తిరిగినవానికి మిగిలినది ఇంటిదారి మాత్రమే.

కారకోరం దాటిన దినాలలోనే తలనొప్పి, ఊపిరాడకపోవడం మొదలైనవి. అయినా అతడు రాళ్లను పరిశీలించడం మానలేదు. జూన్ 19న ముర్గోలో కన్నుమూసినాడు. వయస్సు 36 సంవత్సరాలు. ఆనాటివారు దానిని వెన్నుపాము పొరల వాపుగా భావించినారు. ఎత్తైన ప్రదేశాలలో మెదడుకూ ఊపిరితిత్తులకూ కలిగే ఉపద్రవాన్ని ఎరిగిన నేటి పాఠకునికి ఆ లక్షణాలు వేరొక కథ చెబుతాయి. ఆ వ్యాధికి మొదటి చికిత్స త్వరగా క్రిందికి దింపడం. ముందు సాసేర్, వెనుక దెప్సాంగ్ ఉన్న చోట ఏ వైపునకు దింపగలరు?

అతని దేహాన్ని సహచరులు లేహ్‌కు చేర్చి సమాధి చేసినారు. పక్షిచర్మాలు, కీటకాలు, శిలలు నింపిన పెట్టెలు కూడ చేరినవి. వాటిని మోసిన గుర్రాలను తోలినవారి పేర్లను మాత్రం చరిత్రకారులు పట్టించుకొన్నది తక్కువ. ఇది మన చరిత్ర రచనకు పాత జాడ్యం.

ఆ రాయబారం సాధించిన ఘనకార్యంగా ఎన్నబడినది 1874 ఫిబ్రవరిలో జరిగిన వర్తకపు ఒడంబడిక. 1877లో యాకూబ్ బేగ్ మరణించినాడు. మరుసటి ఏడు మొదలయ్యేసరికి చీనా సేనలు కాష్గర్‌ను తిరిగి ఆక్రమించినవి. ఒడంబడిక కాగితంగా మిగిలినది. స్టొలిచ్కా పెట్టెలు అట్లా కాలేదు. అతని దినచర్య ఆధారంగా భూగర్భవిషయాలు 1878లో, క్షీరదాలను గురించి బ్లాన్‌ఫర్డ్ వ్రాసిన భాగం 1879లో అచ్చైనవి. పక్షులను గురించిన సంపుటం బౌడ్లర్ షార్ప్ చేతిమీదుగా 1891లో వెలువడేనాటికి వాటిని సేకరించినవాడు పోయి 17 ఏండ్లయినది.