మే 1కి నిలబడాలి, ఆ తర్వాత కనబడకూడదు

1850 జూన్ 11, ఇంగ్లండ్‌లోని డార్బీ పట్టణం. మిడ్‌లాండ్ రైల్వే ఆఫీసులో ఓ ఉద్యోగి తప్పు మీద విచారణ జరుగుతోంది. బల్ల దగ్గర కూచున్న డైరెక్టర్లలో ఒకడు మాత్రం తలెత్తడం లేదు. ముందున్న గులాబీరంగు బ్లాటింగ్ పేపరు మీద కలంతో ఏదో గీస్తున్నాడు. విచారణ సంగతులు రాసుకుంటున్నాడేమోనని పక్కవాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే కాగితం మీద ఓ పెద్ద గాజుశాల! మెట్లు మెట్లుగా పైకి లేచిన కప్పు, దాని కింద సన్నటి స్తంభాల వరస.

గీసినవాడి పేరు జోసెఫ్ పాక్స్‌టన్. రైతు కొడుకు. డెవన్‌షైర్ డ్యూక్ గారి చాట్స్‌వర్త్ ఎస్టేటులో తోటపనికి చేరి, ఎస్టేటు వ్యవహారాలన్నీ చక్కబెట్టేదాకా ఎదిగాడు. ఆర్కిటెక్చరు చదువుకోలేదు. విక్టోరియా రాణి పేరు పెట్టిన రాక్షస కలువను గాజింట్లో పూయించినవాడిగా అప్పటికే పేరుంది. లండన్‌లో ఉద్దండులైన ఇంజినీర్లు నెలల తరబడి తలలు పట్టుకుంటున్న చిక్కును ఈ తోటమాలి అక్కడ కూచుని విప్పేస్తున్నాడు.

ముహూర్తం పెట్టారు, మండపం లేదు

ఆ చిక్కు ఇదీ. ప్రపంచ దేశాల వస్తువులన్నీ ఒక్కచోట చేర్చి మహా ప్రదర్శన పెట్టాలని రాణి భర్త ఆల్బర్ట్ యువరాజు సంకల్పించాడు. ఆయన అధ్యక్షుడిగా రాయల్ కమిషన్ ఏర్పడింది. స్థలం హైడ్ పార్కు. ప్రారంభం 1851 మే 1.

కట్టించుకునేవాళ్ల అవసరాలు మూడు. మొదటిది తేదీ. దేశదేశాలకు కబురు వెళ్లిపోయింది. పెళ్లి ముహూర్తం లాంటిదే, ఒక్కరోజు అటూఇటూ జరగదు. రెండోది స్థలం. పార్కు జనం షికారు చేసే చోటు. అక్కడ శాశ్వతంగా ఏదీ లేవకూడదు. టైమ్స్ పత్రిక విరుచుకుపడుతోంది. పార్కులోని పెద్ద ఎల్మ్ చెట్లు నరికితే ఊరుకోబోమని పార్లమెంటులో కర్నల్ సిబ్‌థార్ప్ అనే సభ్యుడు రంకెలేస్తున్నాడు. మూడోది డబ్బు. ఖజానా నుంచి పైసా రాదు, అంతా చందాల మీదే నడవాలి. మొదట్లో ఓ ప్రైవేటు కాంట్రాక్టర్ల జంట తమ డబ్బు పెడతామని, లాభంలో వాటా ఇమ్మని ఒప్పందం చేసుకున్నారు. దేశం పేరు మీద జరిగే పనికి ప్రైవేటు లాభం అంటగడితే బాగుండదని కమిషన్ దాన్ని రద్దు చేసుకుంది. పరువు దక్కింది, పెట్టుబడి పోయింది.

భవనం సంగతి చూడటానికి వేసిన కమిటీలో బ్రునెల్, రాబర్ట్ స్టీఫెన్సన్, చార్లెస్ బారీ ఉన్నారు. ఆ కాలపు హేమాహేమీలు. డిజైన్ల పోటీ పెడితే 245 వచ్చాయి. ఒక్కటీ నచ్చలేదు. చివరికి తామే ఒకటి తయారుచేశారు. కోటిన్నర ఇటుకలు, నడినెత్తిన 200 అడుగుల వెడల్పున బ్రునెల్ గుమ్మటం. జూన్ 22న ఓ పత్రికలో బొమ్మ అచ్చయ్యేసరికి జనం ఘొల్లుమన్నారు. కోటిన్నర ఇటుకలు ఎప్పుడు పేర్చాలి, ఎప్పుడు ఆరాలి, మళ్లీ ఎప్పుడు ఊడదియ్యాలి? అడిగిన మూడింటిలో ఆ బొమ్మ ఒక్కటీ తీర్చదు. గొప్ప భవనం ఎలా ఉండాలో కమిటీకి బాగా తెలుసు. తమకు కావలసింది గొప్ప భవనమేనా అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

ఆరిపోయిన చుట్ట

డార్బీ బొమ్మకు తొమ్మిది రోజుల్లో పూర్తి ప్లాన్లు తయారయ్యాయి. వాటిని చంకన పెట్టుకుని పాక్స్‌టన్ లండన్ రైలెక్కాడు. దారిలో తారసపడింది ఎవరో కాదు, కమిటీ సభ్యుడు స్టీఫెన్సనే. ప్లాన్లు చూడమని చేతికిచ్చాడు. స్టీఫెన్సన్ చుట్ట వెలిగించుకుని ఒక్కో కాగితమే తిరగేశాడు. కాసేపటికి నోట్లో చుట్ట ఆరిపోయింది. ఆయన గమనించలేదు. ఇది తమ కమిటీ బొమ్మకే పోటీ అని తెలిసి కూడా, కాగితాలు కమిషన్ ముందు పెట్టే బాధ్యత తీసుకున్నాడు.

బొమ్మ బాగుంటే సరిపోదు, కట్టేవాడు దొరకాలి. అక్కడే టెండరు పిలుపులోని ఓ వెసులుబాటు అక్కరకొచ్చింది. కమిటీ డిజైనుకు ధర చెబుతూ, కాంట్రాక్టర్లు తమకు తోచిన మార్పులు కూడా సూచించవచ్చని అందులో ఉంది. ఫాక్స్, హెండర్సన్ అనే కంపెనీ ఆ సందులోంచి దూరింది. పాక్స్‌టన్ గాజుశాలను ‘మార్పు’గా చూపించి టెండరు వేసింది.

లెక్క కట్టడానికి వాళ్లకు దక్కింది వారం లోపే. గాజు, కలప వ్యాపారులకు టెలిగ్రాఫ్ తంతి మీద కబుర్లు వెళ్లాయి. ఇనుము పౌను చొప్పున, గాజు పలక చొప్పున ధర కట్టారు. చివరికి ఒక అంకె బదులు రెండు తేలాయి. భవనాన్ని కమిషనే ఉంచుకుంటే లక్షా 50 వేల పౌండ్లు. ప్రదర్శన అయ్యాక విప్పి సామానంతా తామే పట్టుకుపోయేటట్టయితే 79,800 పౌండ్లు.

మన ఊళ్లో పెళ్లి పందిరి వేసేవాణ్ణి అడగండి, ఈ లెక్క ఇట్టే చెబుతాడు. రాటలు, తడికలు మీరే కొనుక్కుంటే ఒక రేటు, పెళ్లయ్యాక అతను బండికెత్తుకుపోతే ఇంకో రేటు. రెండోది నిజానికి అద్దె. కమిషన్‌కు ఉంచుకునే హక్కు లేదు, చోటూ లేదు. అందుకే తీసెయ్యాల్సిన షరతు ధరను దాదాపు సగానికి దించింది. మూడు ఇబ్బందులూ ఒక్క టెండరులో ఒదిగిపోయాయి.

సంతకానికి ముందే స్తంభాలు

జులై 26న టెండరు ఒప్పుకున్నారు. 30న స్థలం అప్పగించారు. ఒప్పంద పత్రం మీద సంతకాలు పడేసరికి అక్టోబరు ఆఖరు. అప్పటికి స్తంభాలు లేచి నెల దాటింది. కాగితం చేతికొచ్చేదాకా ఆగితే తేదీ దాటిపోతుంది కాబట్టి, నష్టం వస్తే తమదేననుకుని కంపెనీ దిగిపోయింది. చార్లెస్ ఫాక్స్ రోజుకు 18 గంటల చొప్పున ఏడు వారాలు కూచుని పని డ్రాయింగులు స్వయంగా గీశాడు. ఇప్పటి మాటల్లో ఇది ‘డిజైన్ అండ్ బిల్డ్’. గీయడం, కట్టడం ఒకే చేతిలో, ధర ముందే ఖాయం.

తేదీ అన్నది ప్రతి బోల్టులోనూ కనబడేది. స్తంభాలన్నీ 24 అడుగుల కొలత మీద. అన్నీ ఒకేలాంటివి కాబట్టి ఎక్కడ పోతపోసినా ఇక్కడ అతుకుతాయి. ఇనప ముక్క ఏదీ టన్ను బరువు మించదు. లోపల బోలుగా ఉన్న స్తంభాలే వాన నీళ్ల గొట్టాలు. గాజు పలక పొడవు 49 అంగుళాలు. చాన్స్ బ్రదర్స్ గాజు కొలిమి అందించగలిగిన కొలతే భవనానికి కొలతయింది. అలాంటివి దాదాపు మూడు లక్షలు. చలికాలం వానల్లో కూడా పని ఆగకుండా, కప్పు మీది కాలవల్లో చక్రాల బండ్లు నడిపి, పైన కాన్వాసు కప్పి పనివాళ్లను కూచోబెట్టారు. 80 మంది ఒక్క వారంలో 18 వేలకు పైగా పలకలు బిగించారు. పని చుట్టూ కట్టిన దడి చెక్కలను సైతం పారెయ్యలేదు. పని ముగిశాక అవే లోపలి నేలకు పరిచారు.

ఎల్మ్ చెట్ల మీద గొడ్డలి వెయ్యకుండా, వాటి చోట 108 అడుగుల ఎత్తున గాజు కమాను లేపారు. ఇంత సన్నటి కట్టడం జనం బరువుకు కూలుతుందని పెద్దలు హెచ్చరిస్తే, 1851 ఫిబ్రవరిలో రాణి సమక్షంలోనే గ్యాలరీ నమూనా మీద పనివాళ్లను గెంతించారు, సైనికులతో కవాతు చేయించారు. అది చెక్కుచెదరలేదు.

లోపాలు లేవని కాదు. గట్టి వానకు కప్పు కారేది. కమిషన్ అడిగినవాటిలో వందేళ్ల మన్నిక లేదు, కాబట్టి ఎవరూ అమ్మలేదు.

మే 1న తలుపులు తెరిచారు. అక్టోబరు 15 నాటికి 60 లక్షల సందర్శనలు. వాళ్లలో చాలామంది ఓ పంజరం ముందు గుమిగూడారు. అందులో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూరు ఉంది. ఆశించినంత మెరవలేదని పెదవి విరిచారు. భవనం మాత్రం జనానికి నచ్చింది. క్రిస్టల్ ప్యాలెస్ అన్న ముద్దుపేరు తలుపులు తెరవకముందే పడింది.

లెక్క సరిపోయింది

ఇక్కడ కథ అడ్డం తిరిగింది. తీసెయ్యమని పోరుపెట్టిన ఊరే దాన్ని ఉంచేయమంది. ఉంచమని పాక్స్‌టన్ కరపత్రం కూడా రాశాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. కమిషన్ చేసేదీ లేదు. చౌక ధరకు చేసిన సంతకంలో ఇనుము, గాజు కాంట్రాక్టర్ల పరం అయిపోయాయి. 1852లో ఓ కొత్త కంపెనీ 70 వేల పౌండ్లకు వాటిని కొని, లండన్ దక్షిణాన సిడెనమ్ గుట్ట మీద ఇంకా పెద్దగా నిలబెట్టింది. 1936 నవంబరు 30 రాత్రి అది కాలి బూడిదైంది.

79,800కు ఈ 70 వేలు కలపండి. 1,49,800. ఉంచుకుంటే ఇంతవుతుందని ఫాక్స్, హెండర్సన్ వారంలో వేసిన అంకెకు 200 పౌండ్లే తక్కువ. మొదట్లో కమిషన్ వదులుకున్నదాని వెల ఎంతో బజారు అణాపైసలతో చెప్పింది.

హైడ్ పార్కులో ఆ చోట ఇప్పుడు పచ్చిక ఉంది. కమిషన్ అడిగింది అదే.