రాయపూర్ పల్లెల్లో టీవీ వచ్చిన ఏడాది

"టీవీ చూసి పిల్లలు చెడిపోతున్నారు", "స్నేహాలు మంచివి కాక చెడిపోతున్నారు" అనే మాటలు వినబడని ఇల్లు ఉండదు. ఇప్పుడు టీవీ బదులు ఫోన్ అంటున్నారు, అంతే తేడా. ఈ రెండు మాటల్లో ఏది ఎంత నిజమో తేల్చడం ఎలా? దయ్యాన్ని చూశామనేవాళ్ళని మనం రుజువు అడుగుతాం. ఇక్కడా అదే అడగాలి కదా.

ఆ రుజువు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన దేశంలోనే, అందులోనూ ఛత్తీస్‌గఢ్‌లోనే, చాలా పెద్ద ఎత్తున ఒక ప్రయోగం జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సరిగ్గా ఏడాది పాటు, నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఇస్రో 2400 పల్లెలకు నేరుగా టీవీ ప్రసారాలు అందించింది. దాని పేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో వెనకబడిన జిల్లాలను ఎంచుకున్నారు. అప్పటి మధ్యప్రదేశ్ నుంచి తీసుకున్నవి రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్ జిల్లాలు. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు. కనక ఈ కథలో మనకు రెండు వైపులా చుట్టరికం ఉంది. విజయనగరం నుంచి రాయపూర్‌కు 1931లో పూర్తయిన రైలు మార్గం వెంట అక్కడికి చేరిన తెలుగువాళ్ళకైతే మరీనూ. ఇంకోమాట, ఆ పల్లెల్లో పెట్టిన సెట్లు తయారైంది హైదరాబాదులోని ఈసీఐఎల్‌లో. ఏంటెన్నా అంటే కోళ్ళ గూళ్ళకి కట్టే ఇనప వల లాంటిదే, పది అడుగుల గొడుగు.

రోజుకి నాలుగు గంటల ప్రసారం. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, అంటే అయిదు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి. సాయంత్రం రెండున్నర గంటలు అందరికీ: వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కాస్త ఆటాపాటా. భాషలు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం. ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే రాయపూర్ పిల్లవాడికి అందింది హిందీ. అది ఎమర్జెన్సీ కాలం అని మరిచిపోకూడదు. ప్రభుత్వం ఏం చెప్పదలుచుకుందో అదే తెర మీదికి వచ్చేది, ఎదురు చెప్పే చానెల్ మరొకటి లేదు. ప్రచారసాధనం మనుషుల మనసుల్ని పిండిబొమ్మల్లా మలుస్తుందనే సిద్ధాంతానికి ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు.

ఆశలు కూడా అలాగే ఉండేవి. విక్రం సారాభాయ్ 1971లోనే పోయారు గాని కల ఆయనదే. పల్లె ఒక్క దూకులో శాస్త్రయుగంలోకి వస్తుందనుకున్నారు. హేతువాదులు కూడా తక్కువేం ఆశపడలేదు. టీవీ వస్తే భూతవైద్యులు పారిపోతారనుకున్న పెద్దలు మనలో ఉన్నారు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిందీ ఆ 1976లోనే.

సైట్ గొప్పతనం ఏమిటంటే, టీవీ పెట్టి ఊరుకోలేదు, కొలిచారు. టీవీ ఉన్న పల్లెల్ని, లేని పల్లెల్ని పోల్చారు. ముందూ, మధ్యలో, తరవాతా ప్రశ్నలు అడిగారు. బినోద్ అగ్రవాల్ వంటి మానవశాస్త్రవేత్తల ఆధ్వర్యాన పరిశోధకులు కొన్ని ఊళ్ళలో నెలల తరబడి మకాం పెట్టారు.

తేలిందేమిటి? మొదటి రోజుల్లో సెట్టు ముందు తిరనాళ్ళలా జనం. తరవాత పలచబడి సగటున వందమంది దగ్గర నిలిచింది. పిల్లలకి భాష కాస్త మెరుగుపడింది. కాని టీవీ ఉంది కదా అని బడికి వచ్చేవాళ్ళు పెరగలేదు, మానేసేవాళ్ళు తగ్గలేదు. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి తెలిసినవాళ్ళ సంఖ్య పెరిగింది, ముఖ్యంగా చదువురాని ఆడవాళ్ళలో. వ్యవసాయ పద్ధతుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే తెలియడం వేరు, చెయ్యడం వేరు.

ఇది సామాజిక శాస్త్రవేత్తలకి మరీ కొత్త కాదు. 1955లో కట్జ్, లాజర్స్‌ఫెల్డ్ అనే ఇద్దరు అమెరికాలో చూపించింది ఇదే. ప్రచారసాధనాల మాట సూటిగా తలకెక్కదు, పక్కనున్న మనిషి ద్వారా, ఆ మనిషి అవునంటేనే ఎక్కుతుంది. కుర్రాళ్ళ విషయంలో ఆ "పక్కనున్న మనిషి" ఈడువాడు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ ఒక చిన్న పరీక్ష చేశారు. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట. పసుపు దీపం పడ్డాక ఎంతదూరం తెగించి పోతారో చూడాలి. ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు, పదహారేళ్ళ మధ్యవాళ్ళు పెద్దవాళ్ళకంటే పెద్దగా తెగించలేదు. ఇద్దరు స్నేహితులు చూస్తూంటే వాళ్ళ తెగింపు రెట్టింపైంది. పెద్దవాళ్ళలో తేడా దాదాపు లేదు. తెర అదే, ఆట అదే, మారింది పక్కనున్న మనుషులు.

రాయపూర్‌కి తిరిగి వద్దాం. ఉపగ్రహ పాఠాలు విన్న తరం పెద్దదై, పిల్లల్ని కని, ఆ పిల్లలు కూడా ఎదిగే వేళకి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోనహీ వేధింపుల నివారణ చట్టం చెయ్యవలసివచ్చింది. టోనహీ అంటే మన బాణామతి గొడవల్లో మంత్రగత్తె అని ముద్రపడే ఆడది. అలా ముద్ర వెయ్యడమే ఆ చట్టం ప్రకారం నేరం. రాయపూర్‌లో కళ్ళ డాక్టరైన దినేష్ మిశ్ర, ఆయన నడిపే అంధశ్రద్ధ నిర్మూలన సమితి ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి చేస్తున్నది టీవీ చెయ్యలేని పని. ఊరంతా ఒక మాట మీద ఉన్నప్పుడు, కాదనే ఒక్క మనిషిగా అక్కడ నిలబడటం.

టీవీ బలహీనమైనదని నేను అనడం లేదు. భయం పంచడంలో దానికి సాటి లేదు, ఎందుకంటే భయాన్ని ఈడువాళ్ళు, అమ్మానాన్నలు, బడి అందరూ కలిసి మోస్తారు. 2017 గుర్తుందా? బ్లూ వేల్ అనే ఆట పిల్లల ప్రాణాలు తీస్తోందని హోరెత్తింది. మూలం 2016 మేలో ఒక రష్యన్ పత్రికలో వచ్చిన కథనం. మన దగ్గర కొందరు పిల్లల మరణాలను చానెళ్ళు దానికి అంటగట్టాయి. ఆ ఆగస్టు 11న కేంద్రం గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లకు లింకులు తీసెయ్యమని లేఖ రాసింది. డౌన్‌లోడ్ చేసుకోవడానికి అలాంటి ఆట అంటూ ఒకటుంటే కదా తియ్యడానికి! అంతకుముందు ఆ పేరే వినని కుర్రాళ్ళు కూడా వార్తలు చూశాక అదేమిటో వెతకడం మొదలుపెట్టారు. ఒంటరితనమో, పరీక్షల భయమో, ఇంట్లో దెబ్బలో ఉన్న పిల్లవాణ్ణి ఏమైందని అడిగే బదులు ఫోన్ లాక్కోవడం తేలికైన పనైంది.

ఆ మరణాలపై ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఏ ఒక్క సంఘటనలోనూ బ్లూ వేల్ ప్రమేయం రుజువు కాలేదని 2018 జనవరిలో లోక్‌సభకి జవాబిచ్చారు. సీబీఎస్ఈ బడులకి ఇంటర్నెట్ జాగ్రత్తల సర్క్యులర్ అప్పటికి అయిదు నెలల క్రితమే వెళ్ళిపోయింది.