ఎవరెస్టు దొర నుంచి మా చేలో కరెంటు తీగ దాకా

మా ఊరు కోదాడ దగ్గర. సాగర్ ఎడమ కాలువ కింద వరి చేలు. చిన్నప్పుడు గడ్డి ట్రాక్టర్ పైన ఎక్కి కూర్చుంటే ఒకచోట మా చిన్నాయన తప్పకుండా కేకేసేవాడు, "దిగురా, తీగె వస్తాంది!" అని. 11 కేవీ లైను అక్కడ అంత కిందికి వేలాడేది.

పెద్దయ్యాక హైదరాబాదులో నా మొదటి ఉద్యోగం ఏంటో తెలుసా? అమెరికాలో కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో చెప్పే సాఫ్ట్‌వేర్ రాయడం :) హెలికాప్టర్ నుంచి లేజర్ కొట్టి తెచ్చిన కోట్ల చుక్కల్లో ఏది తీగ, ఏది చెట్టు, ఏది నేల అని విడదీయాలి. ఈ టపా దాని గురించే. కానీ ముందు ఒక 200 ఏళ్లు వెనక్కి వెళ్లొద్దాం.

1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ గొలుసుతో ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. మహా త్రికోణమితి సర్వేకి అదే పునాది. 1818లో ఆయనకి సహాయకుడిగా వచ్చినవాడు జార్జ్ ఎవరెస్ట్. 1819లో అతనికి అప్పగించిన పని కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతం, అంటే హైదరాబాదుకి తూర్పున మన వైపే! అడవుల్లో జ్వరం పట్టుకుని అతనూ, అతని మనుషులూ మంచం పట్టారు. 1820లో కోలుకోవడానికి దక్షిణాఫ్రికా వెళ్లాల్సొచ్చింది. శిఖరానికి ఆయన పేరు పెట్టింది 1865లో. అందరికీ ఆ కొండ తెలుసు, మన జ్వరం సంగతి ఎవరికీ తెలీదు.

అప్పటి పద్ధతి ఏంటంటే, కొండ మీద థియోడొలైట్ పెట్టి కోణాలు కొలవడం. ఒక భుజం తెలిస్తే మిగతావి లెక్కలో వస్తాయి. లేజర్ సర్వే దానికి తమ్ముడే అనుకోండి, కాకపోతే దూరాన్ని కూడా నేరుగా కొలుస్తుంది. 300 మీటర్ల పైనుంచి కాంతి వెళ్లి తిరిగి రావడానికి సుమారు 2 మైక్రోసెకన్లు. గడియారం ఒక్క నానోసెకను తప్పితే దూరం 15 సెంటీమీటర్లు తప్పుతుంది. జీపీఎస్ విమానం ఎక్కడుందో చెబుతుంది, ఇంకో పరికరం అది ఎటు వంగిందో చెబుతుంది. మొదటి లేజర్ 1960లో వెలిగినా, ఇవన్నీ కుదిరాకే ఈ పని సాధ్యమైంది.

కరెంటు వాళ్లకి దీని అవసరం గట్టిగా తెలిసింది 2003 ఆగస్టు 14 తర్వాత. అమెరికాలోని ఒహాయోలో 345 కేవీ తీగలు వేడికి సాగి, కింద ఏపుగా పెరిగిన చెట్లకి తగిలాయి. కంట్రోల్ రూంలో అలారం మోగలేదు. కారణం మన వాళ్లందరికీ పరిచయమున్నదే.. రేస్ కండిషన్! అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. 2010లో అక్కడి నియంత్రణ సంస్థ, మీ లైన్లు కాగితం మీద ఉన్నట్టే నేల మీదా ఉన్నాయో లేదో చూసుకోండి అంది. దాంతో చాలా కంపెనీలు హెలికాప్టర్లు ఎక్కించాయి.

మన దగ్గర ఇది లేదా అంటే ఉంది. 1974లో హైదరాబాదులో పుట్టిన ఎన్‌ఆర్‌ఎస్‌ఏ, ఇప్పటి ఎన్‌ఆర్‌ఎస్‌సీ, సొంత విమానాల నుంచి లేజర్ సర్వేలు చేసింది. కానీ చాలాకాలం ఆకాశం నుంచి కొలవాలంటే అనుమతుల మీద అనుమతులు కావాలి. 2021 ఫిబ్రవరిలో మ్యాపుల నిబంధనలు, అదే ఏడు ఆగస్టులో డ్రోన్ రూల్స్ మారాక దారి తేలికైంది. అయినా ఇలాంటి సర్వేలు ముందు పెద్ద టవర్ లైన్లకే. చేలల్లో 11 కేవీ లైన్లని ఎవరు కొలుస్తారు?

1956 నాటి రూల్స్ ప్రకారం రోడ్డు కాని చోట 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఆ రూలు రాసినప్పుడు మా ఊళ్లో కాలువే లేదు. సాగర్ నీళ్లు వదిలింది 1967లో. కాలువ వచ్చింది, వరి వచ్చింది, బురదలో స్తంభాలు పక్కకి ఒరిగాయి. తర్వాత ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాయి.

మా చేలో తీగ గురించి చిన్నాయన రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. ఒక గేదె చచ్చిపోయాక మధ్యలో స్తంభం పాతారు. అదే నెలలో నేను అమెరికాలో ఎవరిదో తీగ సెంటీమీటర్లలో కొలిచి రిపోర్ట్ పంపాను.

ఫోన్లో ఈ పని గురించి చెబితే చిన్నాయన అన్నాడు, "తీగె కిందికుందని నాకు ఎరికే గదరా. పైనుంచి జూసి చెప్పేటోడు కాదు, స్తంభం పాతేటోడు కావాలె."

ఆయన మాటకి నా దగ్గర జవాబు లేదు. కొలత లేకపోతే ఏ స్తంభం ముందు పాతాలో తెలీదు, నిజమే. కానీ మా ఊళ్లో కొలత రైతు కళ్లలో ముందే ఉంది. దాన్ని రాసుకునే రిజిస్టరే లేదు. మీ ఊళ్లో ఎలా ఉందో చెప్పండి.