పడవ పనిలో పుట్టిన ఇసుక బండి

ఆనందపురంలో మా ఇంటి వెనక షెడ్డులో భీమిలి ఫైబర్ తెప్పలకు మరమ్మతులు చేస్తాను. ఈ పనిలో నేను ఎక్కువగా తలచుకునే మనిషి బ్రూస్ మేయర్స్. కాలిఫోర్నియాలో ఫైబర్ పడవలు కట్టిన ఆయన, 1964లో తన గరాజులోనే ఇసుక దిబ్బల మీద పరుగెత్తే బగ్గీకి ఫైబర్ ఒళ్లు పోశాడు. ఇంజను ఫోక్స్‌వ్యాగన్‌ది. 1967లో మెక్సికోలోని లాపాజ్ నుంచి టిహువానాకు ఆ బగ్గీ 34 గంటల 45 నిమిషాల్లో చేరింది.

పడవకైనా బగ్గీకైనా పని ఒక్కటే. అచ్చుకు మైనం రుద్ది, జెల్‌కోటు పూసి, గాజుపీచు పరిచి, హార్డెనర్ కలిపిన రెజిన్‌తో తడపాలి. రెజిన్ గట్టిపడేలోగా రోలర్‌తో గాలి బుడగలన్నీ వెళ్లగొట్టాలి. బుడగ మిగిలిన చోటే పొర లేస్తుంది.

దుంగల తెప్పలు కట్టిన మా తీరం ఈ విద్యనూ సొంతం చేసుకుంది. ఇక మా కుర్రాళ్లు బగ్గీ కూడా కట్టాలి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం దాన్ని తిప్పకూడదు. అవి మనం కాపాడుకోవాల్సిన ఆస్తి.