గోదావరి రెండు గట్టుల ఇంగ్లీషు చదువు



భద్రాచలమున రామదర్శనము చేసికొని గోదావరి గట్టున నిలిచినవారికి ఆవలి గట్టు కనబడుచునే యుండును. రెండు గట్టులను అదే తెలుగు, అదే కోయభాష వినబడును. అయినను ఒక కాలమున ఈ గట్టు పిల్లవాని చదువు వేఱు, ఆ గట్టు పిల్లవాని చదువు వేఱు. ఆ భేదమువలన పిల్లలకు ఇంగ్లీషు ఎట్లు వచ్చినదో, అందుండి మనము గ్రహింపవలసినదేమో నేడు మనవి చేసెదను.

1860లో నిజాము ప్రభువు ఎడమ గట్టున నున్న భద్రాచల ప్రాంతమును ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. 1874లో అది చెన్నరాజధానియందలి గోదావరి జిల్లాలో కలిసెను. కుడి గట్టున బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మము నిజాము రాజ్యముననే నిలిచినవి. నదియే సరిహద్దయ్యెను.

చెన్నరాజధాని బడులలో మొదటి, రెండవ, మూడవ ఫారములు నేటి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులవంటివి. పిల్లవానికి మాతృభాషలో గట్టి పునాది పడినపిమ్మటనే ఇంగ్లీషు మొదలుపెట్టవలెనని 1904లో భారత ప్రభుత్వము తన విద్యావిధానమున ప్రకటించెను. నాలుగవ ఫారము చేరినవానికి మాత్రము లెక్కలు, చరిత్ర మొదలగునవి ఇంగ్లీషుననే బోధించుట చిరకాలము సాగినది. కావున ఈ మూడేండ్లే పిల్లవానికి రేవు దాటించు పడవ.

కుడి గట్టున దారి వేఱు. అచట బడిభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము బోధన ఉర్దూలోనే జరుగుచు, ఇంగ్లీషు విధిగా చదువవలసిన భాషగా నుండెను. తెలుగు బాలుడు ముందు ఉర్దూ దాటి, ఆవల ఇంగ్లీషు చేరవలెను. మాతృభాషలో ప్రాథమికవిద్య కావలెనని నిజామాంధ్రులు కోరుటకు ఇదియే కారణము. వారి ఆంధ్రమహాసభ మూడవ సమావేశము 1934లో ఖమ్మముననే జరిగినది.

ఇక కోయ బిడ్డ మాట. ఎడమ గట్టున వానికి ఇంగ్లీషు మూడవ భాష. కుడి గట్టున నాలుగవది. వాని వెనుకబాటునకు బుద్ధిమాంద్యము కారణమని తలచుట అన్యాయము. వాడు ఎక్కవలసిన మెట్లే ఎక్కువ.

ఈ మూడేండ్లలో ఇంగ్లీషు ఎట్లు పెరుగునో చూతము. మొదటి ఏడు చెవికిని కంటికిని పరీక్ష. తెలుగున అక్షరమెట్లున్న ఉచ్చారణ యట్లే. ఇంగ్లీషున ఒక్క అక్షరమే పలుచోట్ల పలువిధముల పలుకును. మన మాటలు అచ్చుతో ముగియుటచేత పిల్లవాడు 'బుక్' అనుటకు 'బుక్కు' అనును. అది తప్పు గాదు, మొదటి మెట్టు. రెండవ ఏడు వాక్యము తిరుగబడును. 'నేను బడికి పోయితిని' అని క్రియను తుదనుంచుట మన రీతి. 'ఐ వెంట్ టు స్కూల్' అనునపుడు క్రియ నడుమకు వచ్చును; బడి వెనుక నుండు 'కి' ముందునకు వచ్చి 'టు' అగును. ఈ తిరుగుడు పట్టుబడినవానికి సగము భాష వచ్చినట్లే. మూడవ ఏట వాడు ఒరుల సాయము లేక ఒక పుట చదివి, తన మాటలలో నాలుగు వాక్యములు వ్రాయగలుగవలెను.

అయితే అందఱును ఆ మూడవ మెట్టు వఱకు నిలుతురా? అడవి గ్రామములలో ఎందఱో నడుమనే బడి మానుదురు. ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ గఱపిన మైకేల్ వెస్టు అను పండితుడు 1926లో ఈ ప్రశ్ననే వేసెను. భీమా సొమ్ము నడుమ కట్టుట మానినవానికి కొంత తిరిగి వచ్చునుగదా. అట్లే చదువు నడుమ మానిన బాలునకు ఏమి దక్కును? మాటాడుట సగము వచ్చి ఆగిన అది మఱపునకు వచ్చును. చదువనేర్చినచో కొంతయైన నిలుచునని తలచి, ఆయన పఠనమునకు అగ్రస్థానమిచ్చెను.

సరిహద్దులు తరువాత పలుమార్లు మాఱినవి. 1959లో భద్రాచల ప్రాంతము ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో భద్రాచలపు పట్టణము తెలంగాణమున నుండగా, కూనవరము, చింతూరు మున్నగునవి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2022లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించి, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు గల పుస్తకములు వచ్చినవి. ఈ ఏర్పాటు మంచిదే. రెండు పుటలును చదివిననే ఫలము. తెలుగు పుట చదువలేని బిడ్డకు ఎదుటి పుట చీకటియే.

గ్రామపెద్దలారా! మీకు ఇంగ్లీషు రాకున్నను పరీక్ష చేయవచ్చును. ఆరవ తరగతి బిడ్డను పిలిచి పాఠము చదివించుడు. పిమ్మట దాని భావమును తెలుగుననో, కోయభాషననో చెప్పుమనుడు. చెప్పగలిగినచో చదువు సాగుచున్నది. చదివియు చెప్పలేకున్నచో అది కంఠపాఠమే. వెంటనే ఉపాధ్యాయునితో మాటాడుడు. పంటకోతలకును మేకలకును బిడ్డను బడి మాన్పింపక, ఎనిమిదవ తరగతి యైనను ముగియనిండు. మూడు మెట్లలో రెండెక్కి దిగినవానికి ఒడ్డు చేరినట్లు గాదు.